ఆ అర సెకను మనకెందుకు?

ఎండలు ముదిరిన దగ్గర్నుంచి కొందరు పనిగట్టుకుని టాంగ్ టెస్టర్ల, అంటే వైరును దవడతో పట్టుకుని కరెంటు కొలిచే మీటర్ల, పరువు తీస్తున్నారు. ఏసీ స్టార్టయ్యే క్షణంలో ఎంత కరెంటు గుంజుతుందో అవి చూపవట. చూపకపోతే ఏం మునిగింది? కనబడ్డదల్లా బయటపెట్టడం మర్యాదస్తుల లక్షణం కాదు.

నల్లగొండలో ఒక పెద్దమనిషి టెంపో వ్యానులో పరుపులు వేయించి, ఒకటిన్నర టన్నుల పాతరకం ఏసీ బిగించి, దానికి కారవాన్ అని పేరు పెట్టాడనుకుందాం. చుట్టాలతో సాగర్ పోయి, రాత్రి వ్యానులోనే చల్లగా పడుకోవాలని ఆయన కోరిక. జనరేటర్ ఎంతది కొనాలో తేల్చడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. టెస్టర్ దవడ తెరిచి మొత్తం కేబుల్‌కే తగిలించాడు. సున్నా వచ్చింది. "చూసినవా తమ్మీ, మన ఏసీ కరెంటే తాగదు" అని పెద్దమనిషి మురిసిపోయాడు. ఫేజులో పోయేది, న్యూట్రల్‌లో వచ్చేది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే సున్నానే వస్తుంది. కానీ అంత మంచి అంకెను వదులుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఎలక్ట్రీషియన్ తమ్ముడు మాత్రం కేబుల్ తొక్క ఒలిచి ఫేజు వైరు ఒక్కదాన్నే పట్టుకున్నాడు. ఏసీ గుర్రుమంది. 7.2 ఆంపియర్లు. 230 వోల్టులతో గుణిస్తే 1,656 వాట్లు. రెండు కిలోవాట్ల జనరేటర్ బ్రహ్మాండంగా సరిపోతుందని ఇద్దరూ చాయ్ తాగారు. సాగర్‌లో రాత్రి ఏసీ బటన్ నొక్కగానే జనరేటర్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

విమర్శకులు ఇక్కడే మొదలుపెడతారు. ఆగి ఉన్న కంప్రెసర్ కదలాలంటే నడిచేటప్పటి కరెంటుకు నాలుగింతలో, ఆరింతలో కావాలట. అంటే 30 నుంచి 45 ఆంపియర్లు. అదంతా అర సెకనులోపే ముగిసిపోతుంది. మామూలు టెస్టర్ సెకనుకు రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది కాబట్టి, అది కళ్లు తెరిచేసరికి గొడవ సద్దుమణిగి ఉంటుంది. వరద పోయాక వాగులో దిగి, మోకాలి లోతే ఉంది, ఇందులో ఎవడు మునుగుతాడని రిపోర్టు రాసినట్టు. రాస్తే తప్పేమిటి? ఎంక్వైరీ కమిటీలు ఇన్నేళ్లుగా అట్లనే బతకడం లేదా?

కొన్ని ఖరీదైన మీటర్లకు 'ఇన్‌రష్' అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కి ఏసీ వేస్తే, కరెంటు కదిలిన ఘడియ నుంచి దాదాపు 100 మిల్లీసెకన్లు మాత్రం కొలిచి, ఆ అంకెను తెరమీద అతికించి పెడుతుంది. ఎదుటివాడి గుట్టు రట్టు చేసే ఇలాంటి బటన్లను వెంటనే నిషేధించాలి. కరెంటు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే బోర్డు స్విచ్చు, ఎంసీబీని చూసి నేర్చుకోవాలి. 16 ఆంప్స్ సీ రకం ఎంసీబీ, కరెంటు అయిదింతలు దాటితే తప్ప ఉన్నపళంగా పడిపోదు. 40 ఆంపియర్లు కళ్లముందే పోతున్నా అర సెకను ఓపిక పడుతుంది. ఆ సంస్కారం జనరేటర్‌కు లేదు.

అమెరికాలోనూ ఇదే గోల. అక్కడి బండ్ల మీద 13,500 బీటీయూ (అంటే టన్ను పైచిలుకు) ఏసీలు 120 వోల్టుల మీద ఇంచుమించు 13 ఆంపియర్లతో నడుస్తాయి, స్టార్టింగులో 50 దాటుతాయి. ప్లగ్గులో పెట్టే చిన్న మీటరు చూసి నమ్మినవాళ్లు అక్కడా ఉన్నారు. తర్వాత బుద్ధిగా, స్టార్టింగు కరెంటును తగ్గించే సాఫ్ట్ స్టార్టర్ అనే డబ్బా కొని బిగించుకుంటారు. మనకు ఆ ఖర్చెందుకు, బావమరిది ఉండగా?

మన రైతుల సంగతి వేరు. పోయిన కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న బోరు మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతుందో వాళ్లకు ఏ టెస్టరూ చెప్పనక్కర్లేదు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైన 2018 ప్రాంతంలో, ఆ స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వమే బతిమాలింది. అయినా వ్యాన్లలో తిరిగే చదువుకున్నవాళ్లం మనం బోరు మోటరును చూసి నేర్చుకుంటామా!

కాబట్టి ప్రస్తుతానికి పద్ధతి ఇది. ఏసీ వేసేముందు ఫ్రిజ్, ఫ్యాన్లు, చార్జర్లు అన్నీ ఆపాలి. ఆగిపోతే వెంటనే మళ్లీ రిమోట్ నొక్కకుండా, గ్యాసు ఒత్తిడి దిగేదాకా మూడు నిమిషాలు పిల్లల చేతులు పట్టుకోవాలి. బావమరిది జనరేటర్ తాడు పట్టుకుని బయటే నిలబడాలి.