ఆగిన బొమ్మతో వైద్యమా?

పక్షవాతం అనుమానంతో వచ్చిన రోగికి డాక్టరు చేసే పరీక్షల్లో ఒకటి చూడ్డానికి చాలా సులువైనది. చెయ్యి ముందుకు చాచి 10 సెకన్లు అలాగే నిలపమంటారు. చెయ్యి మెల్లగా కిందికి జారితే ఆ వైపు బలం తగ్గిందని అర్థం. నిపుణుడు ఎక్కడో దూరాన కూర్చుని వీడియోలో ఇదే పరీక్ష చేస్తుండగా సరిగ్గా ఆ సమయానికి 3 సెకన్లు బొమ్మ ఆగిపోయిందనుకుందాం. తెర మీద చెయ్యి నిలకడగానే కనిపిస్తుంది. ఇక్కడ లోపం నెట్‌వర్క్‌ది, కానీ డాక్టరు కంటికి అది రోగి బాగున్నట్టు కనబడుతుంది. అనుమానం వచ్చి మళ్లీ చెయ్యి ఎత్తమంటే మంచిదే. రాకపోతే?

మెదడులో రక్తం గడ్డకట్టిన రోగికి ఆ గడ్డను కరిగించే మందు, సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. చికిత్స అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో ఒక అంచనా వచ్చింది. ఇలాంటి చోట ‘లైన్ కట్టయింది, మళ్లీ కలుపుతా’ అనే మాటను ఆఫీసు మీటింగులో తీసుకున్నంత తేలిగ్గా తీసుకోలేం. వీడియో వైద్యానికి వాడే నెట్‌వర్క్‌ను ఆక్సిజన్ పైపుతో, మానిటర్‌తో సమానంగా వైద్య పరికరాల జాబితాలో చేర్చాలనీ, దాన్ని సగటు రోజును బట్టి కాకుండా అత్యంత రద్దీ క్షణాన్ని బట్టి డిజైన్ చేయాలనీ మా అభిప్రాయం.

వీడియోలో వైద్యం కొత్తదేమీ కాదు. అమెరికాలో నెబ్రాస్కా సైకియాట్రిక్ ఇన్‌స్టిట్యూట్ 1959లోనే రెండువైపులా కనిపించే టీవీ వ్యవస్థను వాడింది. 1964లో 112 మైళ్ల దూరంలోని మానసిక వైద్యశాలతో దాన్ని కలిపింది. 1968లో మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి, బోస్టన్‌లోని లోగన్ విమానాశ్రయంలో ఉన్న వైద్య కేంద్రంతో మైక్రోవేవ్ లింకు పెట్టుకుంది. ఆ లింకులు వైద్యానికే కేటాయించినవి. మధ్యలో ఎవరి ఫైళ్లూ అడ్డొచ్చేవి కావు. ఇవాళ డాక్టరు వీడియో వెళ్లే దారిలోనే స్కాన్ ఫైళ్లు, బిల్లింగు, సీసీ కెమెరాలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, వెయిటింగ్ హాల్లో జనం చూసే సినిమాలు అన్నీ వెళుతున్నాయి.

కాల్ తెగుతోందని డాక్టర్లు ఫిర్యాదు చేయగానే యాజమాన్యానికి తట్టే మందు ఒక్కటే: స్పీడు పెంచడం. ఈ మందు తరచూ పనిచేయదు. ఎందుకో చిన్న లెక్క వేసి చూడొచ్చు. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) లైను మీద 500 ఎంబీ (అంటే 4,000 మెగాబిట్లు) సీటీ స్కాన్ ఒకటి బయల్దేరితే 40 సెకన్ల పాటు లైను పూర్తిగా నిండిపోతుంది. ఆ 40 సెకన్లూ మాట, బొమ్మ ఆ ఫైలుతో పోటీ పడాల్సిందే. ఐటీ విభాగం గ్రాఫు మాత్రం సాధారణంగా ఐదు నిమిషాల సగటునే గీస్తుంది. 300 సెకన్లలో 40 అంటే 13 శాతం. ‘లైను దాదాపు ఖాళీగానే ఉంది డాక్టరుగారూ’ అని వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. డాక్టరు ఫిర్యాదూ అబద్ధం కాదు. ఇద్దరూ చూస్తున్న గడియారాలు వేరు.

రౌటర్లది ఇంకో పేచీ. లైను నిండినప్పుడు అవి ప్యాకెట్లను (డేటా ముక్కలను) పారేయకుండా వరుసలో పెట్టి దాచుకుంటాయి. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న క్లినిక్‌లో రౌటర్ ఒక మెగాబైటు మేర దాచుకుందంటే, వెనక వచ్చిన మాట 0.8 సెకను ఆలస్యంగా బయటపడుతుంది. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితే సంభాషణ హాయిగా సాగుతుందనీ, 400 దాటేలా నెట్‌వర్క్‌ను ప్లాన్ చేయకూడదనీ అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జీ.114 సిఫార్సు చెబుతోంది. అంటే ఒక్క రౌటరే ఆ గరిష్ఠ పరిమితికి రెండింతలు తినేస్తోంది. డాక్టరు అడిగేసరికి రోగి ఇంకేదో చెబుతుంటాడు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోతారు. దీనికి విరుగుడుకు పెద్ద ఖర్చు లేదు. ఫైళ్ల వరుసనూ కాల్ వరుసనూ విడదీసే ఎఫ్‌క్యూ-కోడెల్ అనే పద్ధతిని 2018లోనే సాంకేతిక పత్రంగా ప్రచురించారు. చాలా రౌటర్లలో అది ఉంటుంది. ఆన్ చేసినవాళ్లే తక్కువ.

బొమ్మ కంటే మాట ముఖ్యం. దీన్ని మాత్రం ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. హెచ్‌డీ వీడియోకు రెండు ఎంబీపీఎస్ దాకా కావాలి, స్పష్టమైన మాటకు అందులో రెండు మూడు శాతం చాలు. మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. వరుసగా ఏడెనిమిది ముక్కలు పోతే ఒక అక్షరం ఎగిరిపోతుంది. ‘ఆ మాత్ర ఆపకండి’ అన్న మాటలో ‘క’ పోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి లైను బలహీనపడినప్పుడు సాఫ్ట్‌వేర్ ముందు బొమ్మను మసక చేయాలి, తర్వాత ఆపేయాలి, మాటను మాత్రం చివరిదాకా కాపాడాలి. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ అనే ఆడియో కోడెక్ (మాటను కుదించి పంపే పద్ధతి), పోయిన ముక్కను తర్వాతి ముక్కలోని సమాచారంతో మళ్లీ అల్లుకోగలదు. ఆస్పత్రి లోపలి నెట్‌వర్క్‌లో మాట ప్యాకెట్లకు 46, వీడియోకు 34 అనే ప్రాధాన్య గుర్తులు వేసే పద్ధతి ఏనాటి నుంచో ఉంది. అయితే ఆ గుర్తుల విలువ మన గేటు వరకే. బయటి ఇంటర్నెట్‌లో వాటిని పట్టించుకుంటారన్న భరోసా లేదు. అందుకే ఆస్పత్రికీ ఆస్పత్రికీ మధ్య అత్యవసర వైద్యం నడిపేవాళ్లు, ఈ గుర్తులను గౌరవిస్తామని ఒప్పందంలో రాసిచ్చే ప్రత్యేక లైను తీసుకోవాలి.

భద్రత పేరుతో జరిగే పొరపాటు కూడా ఒకటుంది. కొన్నిచోట్ల ఫైర్‌వాల్‌లో యూడీపీని, అంటే పోయిన ముక్కల కోసం ఆగకుండా పంపే పద్ధతిని, మొత్తం మూసేస్తారు. అప్పుడు కాల్ టీసీపీ అనే మరో పద్ధతి మీద నడుస్తుంది. పోయిన ప్రతి ముక్కనూ తెచ్చి ఇచ్చేదాకా అది తర్వాతి వాటిని ముందుకు వదలదు. ఫైలుకు అది మంచి గుణం, మాటకు శాపం. రోగి సంభాషణను ఎన్‌క్రిప్ట్ చేయాల్సిందే, ఇందులో రాజీ లేదు. కానీ కాల్‌కు అవసరమైన పోర్టులు (ఫైర్‌వాల్‌లోని దారులు) తెరిచినంత మాత్రాన ఆ రక్షణేమీ పోదు.

వైఫై సంగతి చూద్దాం. ఎక్స్‌రే గది గోడల్లోని సీసం సిగ్నల్‌నూ ఆపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగిన చానళ్లు చాలాచోట్ల మూడే. కెమెరా బండిని వార్డు నుంచి వార్డుకు తోసుకెళ్తుంటే ఒక యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) వదిలి ఇంకోదాన్ని పట్టుకునే లోపు కాల్ తడబడుతుంది. కదిలే బండికి తప్పదు కాబట్టి, నెట్‌వర్క్‌వాళ్లు ఆ బండితో దారంతా నడిచి చూసి యాక్సెస్ పాయింట్లు బిగించాలి. ఎమర్జెన్సీ గది గోడకు శాశ్వతంగా తగిలించిన తెరను కూడా వైఫై మీద నడపడం మాత్రం బద్ధకమే. దానికి కేబుల్ లాగాలి.

రెండో లైను ఉందని నిశ్చింతగా ఉన్నవాళ్లు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. రెండు కంపెనీల ఫైబర్లూ ఒకే కందకంలోంచి వస్తున్నాయా? అలాగైతే ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ తెగుతాయి. ఒకటి చచ్చాక రెండోదానికి మారడానికి ఎంతసేపు పడుతుంది? డేటాకు దారి ఎంచే రూటింగులో వాడే బీజీపీ ప్రమాణం, అవతలి వైపు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఆ లింకు పోయిందని తేల్చడానికి సూచించిన గడువు 90 సెకన్లు. బీఎఫ్‌డీ అనే తోడు పద్ధతిని కలిపితే ఒక సెకను లోపే తెలిసిపోతుంది. స్విచ్‌లకు యూపీఎస్ ఉందా అన్నది ఎలాగూ చూసుకోవాలి. జనరేటర్ అందుకునే లోపు స్విచ్ ఆరిపోతే అది మళ్లీ లేవడానికి పట్టే నిమిషాలు వేరే.

రోగి ఇంటి కనెక్షన్ ఆస్పత్రి చేతిలో ఉండదు. అక్కడ చేయగలిగింది తక్కువే గానీ ఉంది. కాల్ మొదట్లోనే ఫోన్ నంబరు తీసుకోవాలి. వీడియో పోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో అప్పుడే చెప్పాలి. మామూలు ఫోన్‌లోకి మారడాన్ని వైఫల్యంగా లెక్కించే ఆస్పత్రుల్లో సిబ్బంది తెగిపోతున్న వీడియోతోనే కుస్తీ పడుతుంటారు.

ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, కాల్ చెడితే ఐటీవాళ్లు ఇంటర్నెట్ కంపెనీని అంటారు, కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను అంటుంది, సాఫ్ట్‌వేర్‌వాళ్లు ఆస్పత్రి వైఫైని అంటారు. తిలా పాపం తలా పిడికెడు. టెండరు కాగితాల్లో ఎంబీపీఎస్ తప్ప ఆలస్యం, జిట్టర్ (ఆలస్యంలో హెచ్చుతగ్గులు), ప్యాకెట్ నష్టం ఎంతకు మించకూడదో రాయనన్నాళ్లూ ఈ తప్పించుకోవడం సాగుతుంది. ఆ మూడు అంకెలనూ ఒప్పందంలో రాయించాలి. లైను అప్పగించే రోజున ఓపీ కిటకిటలాడే వేళ ఒక పెద్ద స్కాన్ పంపుతూ, మొదటి లైను వైరు చేత్తో పీకి, కాల్ నిలబడుతుందో లేదో డాక్టరు ఎదుటే చూడాలి. నిలబడితేనే బిల్లు మంజూరు చేయాలి. అర్ధరాత్రి కాల్ చెడితే ఫోన్ ఎత్తాల్సిన మనిషి పేరు డ్యూటీ డాక్టర్ల పట్టిక పక్కనే ఉండాలి.