ఇరవై లక్షల బోటు, రెండు వేల లంగరు

మా బావమరిది బోటు కొన్నాడు. 20 అడుగుల ఫైబర్ బోటు, వెనక 115 హార్స్‌పవర్ ఇంజిను, నాలుగు స్పీకర్లు, తడిసినా పాడవని సీటు కవర్లు, గ్లాసులు పెట్టుకోడానికి 14 గుంటలు. పద్నాలుగని ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, వాటిని నాచేత రెండుసార్లు లెక్కపెట్టించాడు. మొత్తం 20 లక్షలు. "మరి లంగరేదిరా?" అంటే సీటు కింద నుంచి గొడుగులా మడిచిన వస్తువొకటి తీశాడు. వెండి గిన్నెలా తళతళలాడుతోంది. నొక్కితే నాలుగు రేకులు పువ్వులా విచ్చుకున్నాయి. రెండున్నర కేజీలు, రెండు వేల రూపాయలు.

"మడిస్తే ఎంత చిన్నదైపోతుందో చూడు బావా" అన్నాడు.

లంగరుకు ఉండాల్సిన ప్రధాన లక్షణం అదేనని నాకు ఆ రోజే తెలిసింది.

వెతకలేదని మాత్రం అనను. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "బోటుకి నమ్మకమైన యాంకర్ కావాలి, తెలిసినవాళ్లు చెప్పగలరు" అని పెట్టాడు. పావుగంటలో జవాబు: "అమ్మాయి చాలా బాగా మాట్లాడుతుంది సార్. తెలుగు, ఇంగ్లీషు, హిందీ. పూటకి పదిహేను వేలు, మేకప్ వేరే." మనవాడు బేరమాడి పన్నెండు వేలకి కుదుర్చుకున్నాడు. అంటే మాట్లాడే యాంకర్‌కి పన్నెండు వేలు, మునిగే యాంకర్‌కి రెండు.

పూజ రోజు ఒడ్డున షామియానా వేశారు. పంతులుగారు వచ్చి, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ అన్నీ సర్దుకుని, నాలుగు నిమ్మకాయలు చేతిలో పట్టుకుని బోటు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "చక్రాలేవి నాయనా?" అన్నారు. అక్కడితో ముహూర్తం ఆగింది. ఇంజిను ఫ్యాను కింద పెడదామని ఒకరు. అది తిరగకపోతే నలగవు, తిరిగితే మనం ఉండం అని ఇంకొకరు. ట్రైలర్ చక్రాల కింద పెట్టేద్దామని మా మావగారు. "ట్రైలర్ అద్దెది మావయ్యా, పుణ్యం దాని ఓనర్‌కి పోతుంది" అని మా తోడల్లుడు. ఈ చివరి అభ్యంతరానికి ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. చివరికి పంతులుగారే తీర్పు చెప్పారు: చక్రాలు లేని వాహనాన్ని ఆపేది లంగరు, కాబట్టి లంగరు కిందే పెట్టండి. మైకులో అమ్మాయి "అందరూ ఒక్కసారి గట్టిగా చప్పట్లు!" అంది. పూలదండ వేసిన లంగరును మా బావమరిది రెండు చేతులా ఎత్తి, నిమ్మకాయల మీద దించాడు.

నిమ్మకాయలు నలగలేదు.

మళ్లీ ఎత్తి దించాడు. ఒక కాయ దొర్లిపోయింది. ఇక లాభం లేదని లంగరు మీద కాలు పెట్టి తొక్కాడు. నిమ్మకాయ నలిగింది, దాంతోపాటు ఒక రేకు కూడా వంగింది. నిమ్మకాయతో పోరాడి గాయపడిన లంగరును నేను అదే మొదటిసారి చూడటం. అప్పుడే ఆ యాంకరమ్మాయి మైకు పక్కకి తిప్పి మెల్లగా అడిగింది: "సార్, ఈ తాడు రెండో కొస దేనికీ కట్టలేదేంటి?" అందరూ నవ్వారు. ఆ పన్నెండు వేలు దండగ కాలేదని నేను ఇప్పటికీ అంటాను.

దీన్నంతా మా బావమరిది అజ్ఞానం కింద కొట్టేయడానికి వీల్లేదు. దుకాణంలో అతను లంగరును చేత్తో ఊపి "బరువుంది" అన్నాట్ట. దుకాణదారు కూడా తల ఊపాడట. లంగరు బరువుతో ఆపదు, నేలలో గుచ్చుకుని ఆపుతుంది. గుచ్చుకోవాలంటే లాగుడు నేలబారుగా ఉండాలి, పైకి లాగితే మొక్క పీకినట్టు ఊడొస్తుంది. అందుకే లంగరుకు ముందు కొంత గొలుసు, ఆ పైన సాగే నైలాన్ తాడు కడతారు. తాడు ఎంత వదలాలంటే, నీటి లోతుకు, నీటి మీంచి బోటు ముక్కు (ముందు కొస) ఎత్తు కలిపి దానికి కనీసం ఐదు రెట్లు, గాలి ఉంటే ఏడు. ఆరు మీటర్ల లోతు, మీటరు ముక్కు ఎత్తు అనుకోండి, ఏడేడుల 49 మీటర్లు. మా బావమరిది దగ్గరున్నది పది మీటర్ల పసుపుపచ్చ ప్లాస్టిక్ తాడు, మా ఇంట్లో బట్టలారేసే తాడుకు అన్నగారు. అది నీటి మీద తేలుతుంది కూడా. పాపం, లంగరును పైకి లాగడంలో దాని వంతు సాయం అది చేస్తుంది.

ఇసుకకీ బురదకీ రెండు వెడల్పు రేకుల డాన్‌ఫోర్త్ రకం ఉంది. అలాంటి బోటుకి నాలుగైదు కేజీలది చాలు. నాగలి ఆకారంలో ఇంకోటి ఉంది, 1933లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ కనిపెట్టాడు. (నాగలీ పడవా రెండూ వేల ఏళ్లుగా మన దగ్గరున్నాయి. ఒకదాన్ని తీసి రెండోదానికి కట్టాలని మనకెందుకు తోచలేదో!) రాళ్ల మీదికైతే మన జాలర్లు ఇనుప ఊచలు వంచి వెల్డింగ్ చేయించుకునే కొక్కేల లంగరు ఉంది. మా బావమరిది కొన్న మడత పువ్వు ఒక్క మనిషి తెడ్డేసుకునే పిల్ల పడవకి పనికొస్తుంది.

లంగరు జారితే ఏమవుతుందో మా విశాఖకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ సరుకు ఓడ 'మా' లంగరు పట్టు తప్పి, తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. ఊరంతా వెళ్లి ఫొటోలు దిగింది. మా బావమరిది దగ్గరా ఒకటుంది: వెనక ఓడ, ముందు వీడు, రెండు వేళ్లు చూపిస్తూ.

మూడో ఆదివారం సరిగ్గా అదే చోటికి ఎదురుగా బోటు ఇంజిను ఆగింది. ఇంజినుని చల్లబరిచే నీళ్లు పీల్చే జల్లెడకి ప్లాస్టిక్ కవరు అడ్డం పడి వేడెక్కిపోయింది. మధ్యాహ్నం, గాలి సముద్రం మీంచి ఒడ్డుకి. లోతు తొమ్మిది మీటర్లు, తాడు పది. దాన్ని వెనకవైపు ఇంజిను పక్కన కట్టాడు, "అక్కడైతే నిలబడి వేయొచ్చు" అని. లంగరు అడుగున టిక్కుటిక్కుమని గెంతుతోంది, బోటు రాళ్ల వైపు పోతోంది, కెరటం వెనక నుంచి లోపలికి దూకుతోంది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. లంగరు ముక్కుకి కట్టాలిరా! బరువంతా వెనకే ఉన్న బోటుని వెనక నుంచి కట్టేస్తే నీళ్లు నిండి మునుగుతుంది, దానికి తుఫాను అక్కర్లేదు. ఆ బోటులో ఎనిమిది మంది ఉన్నారు. ఇద్దరు నా చెల్లెలి పిల్లలు. లైఫ్ జాకెట్లు సీటు కింద, సీటు మీద ఐస్ పెట్టె. పద్నాలుగు గ్లాసులకి చోటు చూసుకున్నవాడివి, పిల్ల మెడలో ఒక జాకెట్ వేయడానికి తీరిక లేకపోయిందా? ఇంజిను ఆగిపోయాక నీకూ ఆ రాళ్లకీ మధ్య ఉండేది ఆ ఇనప ముక్క ఒక్కటే, దాని దగ్గరా పొదుపు చేస్తావా? ఇరవై లక్షల్లో మంచి లంగరుకి ఓ పదివేలు!

మరపడవలో పోతున్న జాలర్లు చూసి వచ్చారు. ముక్కుకి తాడు కట్టి బోటుని పక్కకి లాగి, తమ తుప్పుపట్టిన కొక్కేల లంగరు వేసి తాడు వదులుతూనే పోయారు. బోటు ఒక్కసారి కుదుపిచ్చి ఆగింది. వాళ్లలో పెద్దాయన కైలాసగిరి మీద ఒక చెట్టునీ, రోడ్డు మీద ఒక కరెంటు స్తంభాన్నీ ఒకే వరసలో పెట్టుకుని కాసేపు చూశాడు. ఆ రెండూ విడిపోలేదు, అంటే బోటు జారడం లేదు. అప్పుడు బీడీ వెలిగించి, మా బావమరిది మెరిసే పువ్వుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదేటి బాబూ, దేవుడి గదిలోదా?" అన్నాడు. "తాడు ఒగ్గాల. తాడు ఒగ్గకపోతే ఏ లంగరైనా ఏటి సేస్తాది?"

వాళ్లకి రెండు వేలిచ్చాం. లంగరు ధర.

నిన్న మా బావమరిది ఫోన్ చేశాడు. బుద్ధొచ్చిందట, బోటుకి ముఖ్యమైనదొకటి ఆర్డరు పెట్టాడట. ఎంతన్నాను. నలభై వేలన్నాడు. సంతోషించి, ఏ రకమన్నాను.

"నీలం బావా. నీళ్ల కింద వెలుగుతాయి. లంగరు ఎక్కడ పడిందో రాత్రిపూట కూడా కనబడుతుంది."