పరాయి మైదానంలో మూడు వేల సీట్లు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ ప్రీమియర్ లీగ్‌లో ప్రతి క్లబ్బూ తన సొంత మైదానంలో ఎదుటి జట్టు అభిమానులకు 3,000 సీట్లు ఇవ్వాలి. స్టేడియంలో 30,000 కంటే తక్కువ సీట్లుంటే అందులో పదో వంతు ఇవ్వాలి. ఆ సీట్ల కోసం దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లి వచ్చే రోజును అక్కడివాళ్లు ‘ఎవే డే’ అంటారు. ఈ ప్రయాణాన్ని కాపాడుకోవాలా, కాలం చెల్లిన అలవాటుగా వదిలేయాలా అన్నదే ఇక్కడి వాదం. మేనకోడలు న్యూకాసిల్‌లో చదువుకుని, అక్కడే ఉద్యోగంలో కుదురుకుని, న్యూకాసిల్ యునైటెడ్ వెంట ఊరూరా తిరిగే మనిషి. మామయ్య చాలాకాలంగా అదే ఊళ్లో డాక్టరు. ఆట ఇష్టమే గానీ ఇంట్లో కూర్చుని చూస్తే చాలునంటారు. నా మొగ్గు ఆమె వైపే. అయితే మామయ్య ప్రశ్నల్లో తీసిపారేయదగినది ఒక్కటీ లేదని కూడా చెప్పాలి.

మామయ్య: ముందు నీ ప్రయాణం సంగతే తీసుకుందాం. బోర్న్‌మత్ మన ఊరికి సుమారు 550 కిలోమీటర్లు. శనివారం మధ్యాహ్నం మూడింటి ఆట కోసం నువ్వు తెల్లవారకముందే బస్సెక్కి, ఆరేడు గంటలు కూర్చుని, తొంభై నిమిషాలు నిలబడి, మళ్లీ ఆరేడు గంటలు కూర్చుని, అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతావు. పదకొండు వేల చిల్లర సీట్లున్న ఆ చిన్న స్టేడియంలో ఒక కొసన నిలబడినవాళ్లకు అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో సరిగ్గా కనబడను కూడా కనబడదు. ఆట చూడటమే ఉద్దేశమైతే టీవీ ముందు కూర్చున్నవాడు నీకంటే ఎక్కువ చూస్తాడు, అలసిపోకుండా చూస్తాడు.

మేనకోడలు: ఆ మ్యాచ్ మీ టీవీలో రాదు మామయ్యా. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా బ్రిటన్‌లో లీగ్ మ్యాచ్‌లను ప్రత్యక్ష ప్రసారం చేయకూడదన్న నియమం 1960ల నుంచీ ఉంది. టీవీకి అతుక్కుపోయిన జనం చిన్న క్లబ్బుల మైదానాలను ఖాళీ చేస్తారన్న భయంతో పెట్టుకున్న నియమమది. హైదరాబాద్‌లో మా అమ్మ చూడగలిగే మూడింటి మ్యాచ్‌ను న్యూకాసిల్‌లో ఉన్న మీరు చూడలేరు. అయినా నేను వెళ్లేది కేవలం చూడటానికే అనుకోకండి. అభిమానులను తీసుకెళ్లే బస్సుల్లో, ప్రత్యేక రైళ్లలో మద్యం ఉండకూడదని 1985లోనే చట్టం చేశారు కాబట్టి ఆ గంటలన్నీ మాటల్లోనే గడుస్తాయి. మా బస్సులో ఓడలు కట్టే యార్డులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉంటాడు. 1955 తర్వాత దేశంలోని పెద్ద కప్పు ఒక్కటీ రాని ఏళ్లన్నిటినీ ఆయన వరసగా చెబుతాడు. 2025 మార్చి 16న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి లీగ్ కప్ అందుకున్న సాయంత్రం దగ్గరకొచ్చేసరికి ఆయన గొంతు పూడుకుపోతుంది. ఆ చరిత్రను నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆయన పక్కన కూర్చుని విన్నాను. మా సొంత మైదానంలో యాభై వేల మందిలో నేను ఒక ప్రేక్షకురాలిని. బోర్న్‌మత్‌లో మేం వెయ్యిమంది చిల్లర, చుట్టూ ఉన్నవాళ్లంతా మేం ఓడిపోవాలని కోరుకునేవాళ్లే. అక్కడ ప్రతి గొంతూ లెక్కకొస్తుంది. నేను ఏ దేశం నుంచి వచ్చానని ఆ స్టాండ్‌లో నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పాట అందుకుంటున్నానా లేదా అన్నదే చూశారు.

మామయ్య: ఆ చివరి మాట నాకు సంతోషం కలిగించింది, అది మాత్రం కాదనను. కానీ నీ బస్సే మొత్తం లోకం కాదు. 1985 మార్చి 13న లూటన్‌లో మిల్‌వాల్ అభిమానులు ఏం చేశారో ఈ దేశం అంతా టీవీలో చూసింది: మైదానంలోకి దూసుకొచ్చారు, సీట్లు ఊడబెరికి పోలీసుల మీద విసిరారు. ఆ తర్వాత లూటన్ టౌన్ క్లబ్బు 1986 నుంచి నాలుగేళ్లపాటు బయటి అభిమానులను రానివ్వకుండా తలుపులు మూసుకుంది, మ్యాచ్ రోజు దుకాణాలు మూసుకోవలసిన అగత్యం ఆ ఊరికి తప్పింది. అర్జెంటీనాలో 2013లో ఒక అభిమాని చనిపోయాక బయటి ఊరి అభిమానులను దేశమంతటా నిషేధించారు. ఇంకొక సంగతి, ఖర్చుది. స్టేడియం బయటి వీధుల్లో కాపలాకు క్లబ్బు డబ్బు కట్టనక్కర్లేదని 2017లో ఇప్స్‌విచ్ టౌన్ క్లబ్బు కేసులో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. అంటే మీరు స్టేషన్ నుంచి మైదానం దాకా పాటలు పాడుతూ నడిచే దారి పొడుగునా పోలీసుల జీతం, ఫుట్‌బాల్ మొహం చూడని నా పేషెంట్లు కూడా పన్ను రూపంలో కడుతున్నారు.

మేనకోడలు: లూటన్ సంగతి మీరు సగం చెప్పారు. బయటి అభిమానులను రానివ్వనందుకు ఆ క్లబ్బును 1986-87 లీగ్ కప్ నుంచి తప్పించారు. మిగతా క్లబ్బులు ఆ దారి పట్టలేదు, చివరికి లూటన్ కూడా 1990లో తలుపులు తెరిచింది. అర్జెంటీనాది మరీ విచారకరమైన ఉదాహరణ. 2018 నవంబర్‌లో దక్షిణ అమెరికా క్లబ్బుల పోటీ లిబర్టడోరెస్ కప్ ఫైనల్ రెండో మ్యాచ్ బ్యూనస్ ఐరిస్‌లో రివర్ ప్లేట్ మైదానంలో జరగాలి, బోకా జూనియర్స్ అభిమానులకు ప్రవేశం లేదు. అయినా మైదానానికి వస్తున్న బోకా జట్టు బస్సు మీదే దాడి జరిగింది, అద్దాలు పగిలి ఆటగాళ్లు గాయపడ్డారు. ఆ ఫైనల్‌ను చివరికి సముద్రం దాటించి మాడ్రిడ్‌లో ఆడించాల్సి వచ్చింది. కొట్టుకునే అలవాటున్నవాళ్లు మిగిలే ఉన్నారు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్లను మాత్రమే నిషేధం ఆపింది.

మామయ్య: నిషేధం పూర్తి మందని నేనూ అనను. జబ్బు తగ్గించే మందు దొరికేదాకా జ్వరమైనా దించాలి కదా.

మేనకోడలు: జ్వరం దించుతామంటూ ఈ దేశం ఏం చేసిందో చెప్పనివ్వండి. ఊరు దాటి వచ్చే అభిమాని అంటేనే ముప్పు అని 1970లు, 80లలో పోలీసులు, ప్రభుత్వం తీర్మానించుకున్నాయి. అందుకే స్టాండ్‌లను అరలుగా కోసి, ముందు ఇనుప కంచెలు పాతారు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ జరిగింది. ఆడుతున్న లివర్‌పూల్‌కూ నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కూ కూడా అది పరాయి మైదానమే. బయట లివర్‌పూల్ అభిమానుల రద్దీ పెరగడంతో పోలీసులు ఒక గేటు తెరిపించారు గానీ, అప్పటికే కిక్కిరిసిన మధ్య అరల్లోకి దారితీసే సొరంగాన్ని మూయించలేదు. వెనుక నుంచి జనం, ముందు కంచె. ప్రాణాలు పోయినవాళ్లు మొత్తం 97 మంది, వాళ్లలో చివరి మనిషి ఆనాటి గాయాల కారణంగా 2021లో చనిపోయాడు. కంచె దూకి బయటపడాలని చూసినవాళ్లను మైదానంలోకి చొరబడుతున్న అల్లరిమూకగా మొదట భావించారు, ఎందుకంటే వాళ్లను ఆ కళ్లతోనే చూడటానికి అందరూ అలవాటుపడ్డారు. తాగి వచ్చినవాళ్లదే తప్పన్న నింద ఆ కుటుంబాల మీద ఏళ్ల తరబడి ఉంది. 2016లో కొత్త విచారణ జరిపిన జ్యూరీ, వాళ్లు చట్టవిరుద్ధంగా చంపబడ్డారని, అభిమానుల ప్రవర్తన అందుకు కారణం కాదని తేల్చింది. పొద్దున ఇంటి నుంచి ఆటకు వెళ్లిన మనుషులు వాళ్లు మామయ్యా. బయటి ఊరి అభిమానిని ముందే దోషిగా ఎంచి చేసే ఏర్పాటు ఏదైనా సరే, దాని వెనుక ఆ పాత చూపు ఉందేమోనని నాకు భయం.

మామయ్య: హిల్స్‌బరోలో జరిగినదాని ముందు నేను తల దించుకోవలసిందే. ఆసుపత్రిలో పనిచేసినవాడిగా ఆ విచారణ వివరాలు చదివి చాలా రాత్రులు బాధపడ్డాను. అయితే నువ్వన్న చూపు మారిందని కూడా ఒప్పుకో. 1990 జనవరిలో, ఆ దుర్ఘటన మీద న్యాయమూర్తి టేలర్ ఇచ్చిన నివేదిక వచ్చాక పెద్ద స్టేడియాల్లో కంచెలు పోయాయి, అందరికీ సీట్లు వచ్చాయి, అభిమానులందరికీ గుర్తింపు కార్డులు పెట్టాలన్న ప్రభుత్వ పథకాన్ని ఆ నివేదికే వద్దంది. ఇప్పుడు నా ప్రశ్న భద్రత దాటి వేరే చోటికి వెళుతుంది. మిమ్మల్ని ఎవరైనా గౌరవిస్తున్నారా? మన న్యూకాసిల్ మైదానం సెయింట్ జేమ్స్ పార్క్‌లోనే, బయటినుంచి వచ్చినవాళ్లను ఏళ్ల తరబడి లీజెస్ స్టాండ్‌లో అన్నిటికంటే పై అంతస్తుకు ఎక్కించాం. ముసలివాళ్లు ఆయాసపడుతూ ఆ మెట్లు ఎక్కడం నేను కళ్లారా చూశాను. టీవీ కంపెనీ కోరితే శనివారం ఆట సోమవారం రాత్రి ఎనిమిదింటికి మారుతుంది. లండన్‌లో ఆ మ్యాచ్ ముగిసి మీరు స్టేషన్ చేరేసరికి న్యూకాసిల్‌కు రైలుండదు. అల్లుడొచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదని మురిసిపోతారు గానీ, రైలు ఛార్జీ దానికి ఎన్నో రెట్లు. మీ ప్రేమ తెగనిదని తెలిసినవాళ్లు మిమ్మల్ని పిండుకుంటున్నారు.

మేనకోడలు: ఆ 30 పౌండ్ల హద్దు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 2013 జనవరిలో ఆర్సెనల్‌తో మ్యాచ్‌కు ఒక్కో టికెట్‌కు 62 పౌండ్లు అడిగితే, మాంచెస్టర్ సిటీ క్లబ్బుకు వచ్చిన వాటాలో 900కు పైగా టికెట్లు అమ్ముడుపోక తిరిగి వెళ్లాయి. ఆ మ్యాచ్‌లో ఖాళీ సీట్లు టీవీలో అందరికీ కనిపించాయి. ఇరవై పౌండ్లు చాలునంటూ వేర్వేరు క్లబ్బుల అభిమానులు, మైదానంలో ఒకరినొకరు తిట్టిపోసుకునేవాళ్లు, ఒకే బ్యానర్ కింద నిలబడి కొన్నేళ్లు పోరాడితే 2016-17 సీజన్ నుంచి ఆ హద్దు వచ్చింది. మిగతా టికెట్ల ధరలు ఏటా పెరుగుతున్నా అది అక్కడే ఆగింది. మెట్ల గురించి, రైళ్ల గురించి మీరన్న మాటలన్నీ నిజం. అవి ప్రయాణం మానుకోవడానికి కారణాలు కావు, పోట్లాడటానికి కారణాలు.

మామయ్య: పోట్లాడి గెలిచినా ఆ క్లబ్బు నీది అవుతుందా? మీ తమ్ముడి సంగతే చూడు. 2022 మార్చి 20న ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ కోసం హైదరాబాద్ నుంచి గోవాకు రాత్రంతా బస్సులో వెళ్లాడు. ఫతోర్డా మైదానంలో అధికారికంగా మనవాళ్లదే ఆతిథ్య జట్టు, పసుపు చొక్కాలు మనవాళ్లవే; స్టాండ్‌ల నిండా మాత్రం కేరళ బ్లాస్టర్స్ జనమే. చివరి నిమిషాల్లో స్కోరు సమం చేసి, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపగా హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచింది. ఆ వైభవం మూడేళ్లు తిరక్కుండానే కరిగిపోయింది. 2025లో యజమానులు క్లబ్బును ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేశారు. అసలు 2019లో పుణె క్లబ్బు స్థానంలోనే కదా అది మన ఊరికి వచ్చింది. ఇంకో మాట కూడా మరచిపోకు: అదే ఫైనల్ చూడటానికి మలప్పురం నుంచి బైక్ మీద బయలుదేరిన ఇద్దరు కుర్రాళ్లు కాసరగోడ్ జిల్లాలో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఒక కంపెనీ ఆస్తి కోసం ఇంత దూరాలు పోవాలా?

మేనకోడలు: ఆ ఇద్దరి మాట తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. క్లబ్బులే బస్సులు నడపాలని నేను అడిగేది అందుకే. అభిమాని ఎలా వస్తే మాకేం అనుకునే చోటే కుర్రాళ్లు రాత్రీ పగలూ బైకుల మీద వస్తారు. ఇక ఆస్తి అంటారా, 2002 మేలో లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బు సుమారు తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలిపోవడానికి అనుమతి దొరికింది. అభిమానులు కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. దానికి మైదానం లేదు, పేరున్న ఆటగాడు లేడు. జూలైలో సటన్ యునైటెడ్ మైదానంలో ఆడిన తొలి స్నేహపూర్వక మ్యాచ్‌లో 4-0తో ఓడిపోయింది. ఆ ఓటమి చూడటానికి 4,657 మంది వచ్చారు. ఆ జట్టు అడుగు స్థాయి లీగుల నుంచి ఎక్కుకుంటూ 2011లో ప్రొఫెషనల్ స్థాయి అయిన ఫుట్‌బాల్ లీగ్‌లోకి చేరింది, 2020 నవంబర్‌లో తన పాత పేట ప్లౌ లేన్‌కు తిరిగి వచ్చింది. క్లబ్బు లైసెన్సు యజమాని పట్టుకుపోయాడు, జట్టు వెంట నడవడం అలవాటైన జనాన్ని పట్టుకుపోలేకపోయాడు. హైదరాబాద్‌లో అలాంటి జనం కూడేలోపే మొదట కరోనా స్టేడియాలను మూసింది, తర్వాత డబ్బు కరువైంది. మా తమ్ముడు చేసింది దండగ పని అని మీరంటే నేను ఒప్పుకోను. అలా వెళ్లేవాళ్లు ఇంకా వేలమంది ఉండి ఉంటే తరలించడానికి యజమానులు మరింత వెనకాడి ఉండేవారని నా నమ్మకం.

మామయ్య: నమ్మకానికి నేను జవాబు చెప్పలేను. వింబుల్డన్ ఉదాహరణకు మాత్రం నా దగ్గర ఎదురుమాట లేదు. అయినా ఒక్క చోట నేను వెనక్కి తగ్గను. ఫలానా మ్యాచ్‌లో ప్రాణాపాయం ఉందని ఆధారం దొరికినప్పుడు, బయటి అభిమానుల సీట్లు తగ్గించే అధికారం స్థానిక అధికారులకు ఉండి తీరాలి.

మేనకోడలు: ఆ ఆధారాన్ని మ్యాచ్‌కు చాలినంత ముందే రాతపూర్వకంగా బయటపెట్టాలి, దాని మీద అభిమానుల సంఘం అప్పీలు చేసుకునే వీలుండాలి, సీట్లు తగ్గించినా ఒక్క సీటూ లేకుండా చేయకూడదు. ఈ మూడింటికీ మీరు ఒప్పుకుంటే ఆ అధికారానికి నేను ఒప్పుకుంటాను.

మామయ్య: మొదటి రెండిటికీ ఒప్పుకుంటున్నాను. మూడోదానికి ఒప్పుకోను.