కపంపంగన్లంటే వంట ఒక్కటేనా?
ఫిలిప్పీన్స్‌లోని పంపాంగ ప్రాంత ప్రజలైన కపంపంగన్ల గొప్పతనమంతా వంటలోనే ఉందని వాళ్ల గురించిన వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. వాళ్ల పంది మాంసం వంటకం సిసిగ్ రుచికి తిరుగులేదు, నిజమే. కానీ పినతుబో అగ్నిపర్వతం 1991లో పేలాక, 1995లో బూడిద బురద పొంగి అక్కడి బకోలోర్ పట్టణాన్ని ముంచేసింది. అక్కడి చర్చి సగం భూమిలోనే ఉండిపోయింది. దగ్గర్లోని ఏంజెలెస్ నగరంలో మెడిసిన్ చదివే రోజుల్లో వెళ్లి చూశాను, ఒకప్పటి కిటికీలే ఇప్పుడు గుమ్మాలు! చాలామంది వేరే చోటికి తరలిపోయినా, మిగిలినవాళ్లు బలిపీఠాన్ని తవ్వి తీసి, ఎత్తులో నిలబెట్టుకుని అక్కడే ప్రార్థనలు చేసుకుంటున్నారు. ఇక డిసెంబరులో పంపాంగలోనే ఉన్న శాన్ ఫెర్నాండో నగరంలో కట్టే దాదాపు 20 అడుగుల నక్షత్ర దీపాల సంగతి? వాటి వేల బల్బులను ఆడించేది వెనకాల మనుషులు చేత్తో తిప్పే ఇనుప డ్రమ్ములు. వాటికి హెయిర్‌పిన్నులు తగులుతుంటే పాటకు తగ్గట్టు రంగులు మారతాయి. ఆ కళాకారుల గురించి ఒక్క ముక్కైనా రాయాల్సింది.