మేయర్ పదవి ఎవరి సొత్తు?

గుంటూరు నగరపాలక సంస్థలోని 57 డివిజన్లలో 2021 మార్చిలో ఓటర్లు వైకాపాకు 44, తెదేపాకు తొమ్మిది, జనసేనకు రెండు ఇచ్చారు. 2025 ఏప్రిల్ 28, సోమవారం నాడు అదే కౌన్సిల్ తెదేపాకు చెందిన కోవెలమూడి రవీంద్రను 34 ఓట్లతో మేయర్‌గా ఎన్నుకుంది. వైకాపా అభ్యర్థికి దక్కినవి 27. ఎక్స్ అఫీషియో సభ్యుల (పదవి రీత్యా ఓటుండే ఎమ్మెల్యేలు, ఎంపీల వంటి వారి) ఓట్లు తీసేసి చూసినా లెక్క ఎక్కడ తారుమారైందో తెలుస్తూనే ఉంది. ఆ నాలుగేళ్లలో నగరంలో మళ్లీ పురపోరు జరగలేదు, ఓటరు వేలికి కార్పొరేటర్ కోసం సిరా అంటలేదు. తీర్పు మాత్రం మారిపోయింది.

పదవి నుంచి తప్పుకున్న మేయర్ కావటి మనోహర్ నాయుడు ప్రస్థానం చూస్తే ఈ కుర్చీకి పార్టీలు ఇచ్చే విలువ ఏపాటిదో అర్థమవుతుంది. 2024 ఫిబ్రవరిలో గుంటూరులో అతిసారం ప్రబలింది. శారదా కాలనీ వంటి చోట్ల జనం ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. కుళాయిలో మురుగు కలిసిన నీరు వస్తోందని మహిళలు బిందెలు చూపించి మొత్తుకున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయనను వైకాపా చిలకలూరిపేట అసెంబ్లీ బరిలోకి దించింది. నగరం నీటి కోసం అల్లాడుతుంటే ప్రథమ పౌరుడు మరో ఊళ్లో ఓట్లడిగారు. ఓడి, మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నారు. అది తప్పని ఆనాడు ఆ పార్టీలో ఒక్కరూ అనలేదు.

రాష్ట్రంలో ప్రభుత్వం మారాక కార్పొరేటర్లు ఒక్కొక్కరే కూటమి వైపు నడిచారు. 2025 ఫిబ్రవరిలో స్టాండింగ్ కమిటీ స్థానాలు ఆరూ కూటమి వశమయ్యాయి. తనకు తెలియకుండానే కమిటీ సమావేశం ఖరారు చేశారని నొచ్చుకుంటూ మార్చి 15న మేయర్ రాజీనామా చేశారు. నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టరాదన్న నిబంధన గడువు ముగియడానికి అప్పటికి కొన్ని రోజులే మిగిలి ఉంది. విశాఖలో ఆ గడువు ముగిసీ ముగియగానే నోటీసు ఇచ్చారు. 98 వార్డుల్లో 58 గెలిచిన వైకాపా మేయర్ గొలగాని హరి వెంకటకుమారిని ఏప్రిల్ 19న 74 ఓట్లతో దించేశారు. కావలసినవీ సరిగ్గా 74 ఓట్లే. ఏప్రిల్ 28న గుంటూరుతో పాటే అక్కడా తెదేపా మేయర్ వచ్చారు.

2024లో 164 స్థానాలిచ్చిన ప్రజల మనసెరిగి కార్పొరేటర్లు తమంతట తామే వచ్చారని కూటమి నాయకులు అంటున్నారు. శాసనసభకు వేసిన ఓటు కార్పొరేషన్‌కు ఎలా చెల్లుతుంది? అదే న్యాయమైతే ప్రభుత్వం మారినప్పుడల్లా మేయర్లను మార్చాలి. మా ఆందోళన అంతా ఆ ఆనవాయితీ గురించే.

ఆ ఆనవాయితీకి కాకినాడ సాక్ష్యం. 2017లో అక్కడ 48 డివిజన్లకు 32 గెలిచింది తెదేపా. నాలుగేళ్లు నిండగానే, 2021 అక్టోబరులో, సొంత పార్టీ కార్పొరేటర్ల ఓట్లతోనే తెదేపా మేయర్ సుంకర పావనిని దించేసి అప్పటి పాలకపక్షం వైకాపా తన మనిషిని ఎక్కించుకుంది. ప్రజాస్వామ్యాన్ని ఖూనీ చేశారని ఆనాడు తెదేపా మండిపడింది. ఈనాడు అదే మాట వైకాపా అంటోంది. కాకినాడలో నేర్పిన పాఠమే గుంటూరులో, విశాఖలో తిరిగి అప్పజెప్పారు. రేపు ప్రభుత్వం మారితే ఇంకొకరు అప్పజెబుతారు. అప్పుడు తప్పుపట్టే నైతిక హక్కు తెదేపాకు ఉండదు, ఇప్పుడు వైకాపాకు లేనట్లే.

ఈ ఆటలో నష్టపోయేది నగరం. గుంటూరుకు 2010 నుంచి 2021 దాకా పాలకవర్గమే లేదు. పదకొండేళ్లు ప్రత్యేకాధికారులే ఏలారు. అన్నేళ్ల ఎదురుచూపు తర్వాత వచ్చిన కౌన్సిల్‌కు, మేయర్ మారేసరికి, ఏడాది కూడా మిగల్లేదు. భూగర్భ డ్రైనేజీ పనులు ఏళ్ల తరబడి నడిమధ్యలో నిలిచిపోయాయి. శంకర్‌విలాస్ వంతెన మీద అప్పటికి వాహనాలు ఇరుక్కుంటూనే ఉండేవి. శారదా కాలనీ తల్లులకు కావలసింది మురుగు కలవని కుళాయి నీరు.

పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు పార్లమెంటుకు, శాసనసభలకే వర్తిస్తుంది. పురపాలక చట్టంలో విప్ (ఎవరికి ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ఉన్నా ఫిర్యాదు, విచారణ, కోర్టు మెట్లు దాటేసరికి పదవీకాలమే గడిచిపోతుంది. 2002లో హైదరాబాద్ మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. ఆ పద్ధతిని తిరిగి తేవాలి. పార్టీ మారిన కార్పొరేటర్ పదవి తక్షణం పోయేలా చట్టం సవరించాలి. 164 మంది బలమున్న ప్రభుత్వానికి ఇందుకు అడ్డెవరు? అవిశ్వాసాలు గెలవడంలో చూపిన చురుకు ఇక్కడ ఎందుకు చూపరు?

కార్పొరేటర్లకూ ఒక మాట. ఫ్యాను గుర్తు మీద ఓట్లడిగి సైకిల్ పక్షాన చేతులెత్తిన వారు తమ డివిజన్ ప్రజలను ఒక్కసారైనా అడిగారా? అంతరాత్మ ప్రబోధమే నిజమైతే రాజీనామా చేసి మళ్లీ వారి ముందుకు వెళ్లాలి. ఆ ధైర్యం లేనప్పుడు ప్రజాభీష్టం అనే మాట ఎత్తకండి.