సవరణ: రాయ్ కృష్ణ, గోల్డెన్ బూట్

ఫిజీ ఫుట్‌బాల్ ఆటగాడు రాయ్ కృష్ణ గురించి మొన్న రాసిన పోస్టులో, ఏటీకే మోహన్ బగాన్ తరఫున 2020-21 ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆయనకు గోల్డెన్ బూట్, అంటే ఎక్కువ గోల్స్ కొట్టిన ఆటగాడి బహుమతి, వచ్చిందని రాశాను. అది తప్పు. ఆ సీజన్ అధికారిక అవార్డుల జాబితా, అప్పటి పత్రికల వార్తలు మళ్లీ చూశాను.

కృష్ణ, ఎఫ్‌సీ గోవా ఆటగాడు ఇగోర్ అంగులో చెరో 14 గోల్స్ కొట్టారు. తక్కువ నిమిషాలు ఆడి అన్నే గోల్స్ చేసినందుకు బూట్ అంగులోకు దక్కింది. కృష్ణకు వచ్చింది గోల్డెన్ బాల్, అంటే లీగ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి. 14 గోల్స్‌తో పాటు సహచరుల చేత 8 గోల్స్ కొట్టించిన మనిషికి అదే తగినదని నా అభిప్రాయం.

నేను పొరబడటానికి కారణం, ఆస్ట్రేలియా ఏ-లీగ్‌లో 2018-19లో వెల్లింగ్టన్ ఫీనిక్స్ తరఫున ఆయన గెలిచిన గోల్డెన్ బూట్. రెండు సీజన్ల వివరాలు కలిపేశాను.

రియో ఒలింపిక్స్ గురించి రాసినదాంట్లో మార్పు లేదు. 2016లో మెక్సికోపై పదో నిమిషంలో కృష్ణ తలతో కొట్టిన బంతి వలలో పడింది, ఫిజీ ముందంజలో నిలిచింది. చివరికి 1-5తో ఓడినా, ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆ దేశానికి అదే తొలి గోల్. పాత పోస్టులో బూట్ వాక్యాన్ని మార్చాను.