ఆర్-4 గారికి, వారు లేని చోటుకే రాసిన ఉత్తరం

మహారాజశ్రీ ఆర్-4 గారికి,

నా పాత మల్టీమీటరు, అంటే వోల్టులూ కరెంటూ కొలిచే పెట్టె, దాని లోపలి బోర్డు మీద రెసిస్టరుగారైన మీ పేరు తెల్ల అక్షరాల్లో ఉంది. మీరు లేరు. రెండు కన్నాలు, వాటి చుట్టూ కమిలిన రాగి, ఒక పక్కన చింతగింజంత సోల్డర్ ముద్ద. మిమ్మల్ని ఎవరో పీకి ఇంకో మీటర్లో వేసుకుని, "రేపు తెచ్చి పెడతా సార్" అనుంటారని ఆ ముద్ద వాలకమే చెబుతోంది. ఆ రేపు ఏ దశాబ్దంలోదో మరి.

పోస్టు ఖాళీగా ఉన్నందుకు నాకు బాధ లేదు. ఖాళీ పోస్టులు చూడని వాళ్లమా? నా బాధల్లా, మీరు లేకపోయినా మీ ఆఫీసు తెరిచే ఉంటోంది.

1970ల నాటి డిజైను ఈ మీటరుది. లోపల నలభై కాళ్ల ఐసీఎల్ 7106 చిప్పు, 1999 దాటి లెక్కపెట్టలేని డిస్‌ప్లే. చిప్పుకి చేతనైంది 200 మిల్లీవోల్టుల లోపు కొలవడమే. అంతకు మించి వస్తే రెసిస్టర్ల గొలుసు దాన్ని పదో వంతో నూరో వంతో చేసి చిప్పు ముందు పెట్టాలి. ఆ గొలుసులో మీ కింద 900 కిలో ఓమ్‌లు, 90, 9, ఆఖర్న 1. అందరూ సీట్లలోనే ఉన్నారు. మొదటి కుర్చీ మీది. అది ఖాళీ కాబట్టి పైనుంచి ఏ ఫైలూ కిందికి దిగదు.

అలాగని మీటరు చచ్చిపోయిందా అంటే, లేదు. బ్యాటరీ వేస్తే అంకెలు ముచ్చటగా వస్తాయి. దశాంశ చుక్క కూడా ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది. గోడ ప్లగ్గులో ప్రోబులు, అంటే మీటరు తీగల చివరి మొనలు, పెట్టాను. నిలకడగా సున్నా. అదే ప్లగ్గులో టెస్టర్ పెడితే నియాన్ దీపం భగ్గున వెలిగింది. 230 వోల్టులున్న తీగ మీద నిల్ రిపోర్టు, అదీ సంతకంతో సహా! డిస్‌ప్లే నల్లబడిపోయి ఉంటే "పాడైంది" అని పక్కన పడేసేవాణ్ని. మీ ఆఫీసు అలా కాదు. "ఇక్కడ సమస్యలేమీ లేవు" అని మర్యాదగా రాసిస్తుంది. నమ్మి తీగ ముట్టుకున్నవాడి ఖర్మ.

200 మిల్లీవోల్టుల రేంజికి మీ సంతకం అక్కర్లేదు, అది నేరుగా చిప్పుకే వెళ్తుంది. అక్కడ మాత్రం ప్రోబులు గాల్లో ఉన్నా అంకెలు వాటి ఇష్టమొచ్చినట్టు తిరుగుతున్నాయి. ఆ కొసని గ్రౌండుకి కట్టి ఉంచేది మీరే కదా. మీరు సెలవులో ఉన్న సంగతి ముందుగా బయటపెట్టింది అదే.

మీ విలువ ఎంతో సర్క్యూట్ కాగితాన్ని అడిగాను. మడత సరిగ్గా మీ మీదే పడి సిరా రాలిపోయింది. పోనీలెండి, మీ కింది వాళ్లని కూడితే వెయ్యి కిలో ఓమ్‌లు, అంటే 1 మెగా ఓమ్. రెండు వోల్టుల రేంజిలో పదో వంతే దిగాలంటే మీరు 9 మెగా ఓమ్‌లు అయి తీరాలి. మీ జూనియర్లే మిమ్మల్ని పట్టిచ్చారు.

హైదరాబాదులో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలుండే కోఠి గుజరాతీ గల్లీలో మీ కోసం వాకబు చేశాను. "9 మెగ్ రాదన్నా. 8.2 ఉంది, 9.1 ఉంది, 10 ఉంది." రెసిస్టర్లు తయారయ్యే మామూలు వరసలో తొమ్మిదికి చోటే లేదు. "10 వేస్కో, ప్రీసెట్ తిప్పి సెట్ చేస్కో." ఈ సలహా మన దేశపు రిపేరు శాస్త్రానికి మూలస్తంభం. 10 వేస్తే తొమ్మిది వోల్టుల బ్యాటరీ 8.18 చూపిస్తుంది. ప్రీసెట్ అనే చిన్న సర్దుబాటు మరని తిప్పితే అది తొమ్మిదికి వస్తుంది, నిజమే. కానీ ఆ ప్రీసెట్ చిప్పు రిఫరెన్సుది, అంటే చిప్పు అన్ని కొలతలకూ ప్రమాణంగా పెట్టుకునే వోల్టేజిది. ఇన్నాళ్లూ నిజం చెప్పిన 200 మిల్లీవోల్టుల రేంజి, కరెంటు రేంజిలు అప్పటినుంచి పది శాతం ఎక్కువ చెబుతాయి. ఒక కుర్చీ లోటు కప్పడానికి ఆఫీసు మొత్తం లెక్కలు దిద్దుకోవడమన్నమాట.

9.1తో సర్దుకుందామా అనుకున్నాను. తేడా నూటికి ఒకటే. కానీ పావు వాట్ రెసిస్టరు మామూలుగా 250 వోల్టులకు మించి ఓర్చుకోదు. వెయ్యి వోల్టులు కొలిచినప్పుడు మీ ఒక్కరి నెత్తినే 900 పడుతుంది. పాతకాలపు పర్మనెంటు ఉద్యోగులు కాబట్టి తమరు మోసేవారు.

అందుకని మీ స్థానంలో తొమ్మిది మందిని కాంట్రాక్టు పద్ధతిలో తీసుకున్నాను. ఒక్కొక్కరు 1 మెగా ఓమ్, విలువలో తేడా ఒక శాతానికి మించని మెటల్ ఫిల్మ్ రకం. కాళ్లకి కాళ్లు కలిపి వరసగా అతికించాను. తలా వంద వోల్టులు మోస్తారు. వాళ్లలో ఒకరి ఎక్కువ ఇంకొకరి తక్కువతో చాలావరకు సర్దుకుపోతుంది. అతికాక స్పిరిట్‌తో ఫ్లక్స్ జిడ్డు, వేలిముద్రలు తుడిచాను. మెగా ఓమ్‌ల దగ్గర ఆ జిడ్డు కూడా కరెంటుకి ఒక దొంగదారే.

ఇప్పుడు ప్లగ్గులో 231 చూపిస్తోంది. పక్కింటాయన కొత్త మీటరు 230 అంది. ఆ ఒక్క వోల్టు ఎవరిదో తేల్చడానికి మూడో మీటరు అడిగే ఉద్దేశం నాకు లేదు.

తమరు ఎక్కడున్నా తిరిగి రానక్కర్లేదు. తొమ్మిది మందీ అప్పుడే రెగ్యులరైజ్ చేయమంటున్నారు. పరిశీలిస్తామని చెప్పాను. ఒక్కరి చోట ఇంతమందిని కూర్చోబెట్టినందుకు మీటరు వెనక మూత మాత్రం పట్టట్లేదు, రబ్బరు బ్యాండు వేశాను.

ఇట్లు,
రెండు ప్రోబులు చేతబట్టుకున్న వినియోగదారుడు